బిచ్చగాడనుకున్నారు... ఆయనే గౌడి!

1926 జూన్ 7న స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో ఒక ముసలాయనను ట్రాము గుద్దింది. నలిగిన పాత బట్టలు. జేబులో ఆచూకీ తెలిపే కాగితం ముక్క కూడా లేదు. బిచ్చగాడనుకుని బీదల ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మర్నాడు చర్చి ఫాదరీ వెతుక్కుంటూ వచ్చాక గాని, ఆయన ప్రఖ్యాత ఆర్కిటెక్టు ఆంటొని గౌడి అని తెలియలేదు. 10వ తేదీన కన్నుమూశారు. అప్పటికి 73 ఏళ్ళు.

గౌడి 1852లో ఒక కంచరి ఇంట పుట్టారు. చిన్ననాటి నుంచే కీళ్ళ నొప్పులు. తండ్రి చేతిలో రాగి రేకు వంగి పాత్ర కావడం చూస్తూ పెరిగారు. ఆయన కట్టడాల్లో తిన్నని గోడ అరుదుగా కనిపించడం అందుకేనేమో!

1883 నుంచి సగ్రాద ఫమీలియా చర్చి పని చూస్తున్న ఆయనకు 1906లో మిలా దంపతులు ఒక పెద్ద మేడ పని అప్పగించారు. ఒక అంతస్తులో తాముండి, మిగతా వాటాలు అద్దెకివ్వాలని వారి ఉద్దేశం. గౌడి బరువునంతా స్తంభాల మీద, ఇనుప దూలాల మీద మోపారు. లోపలి గోడలు బరువు మోయవు గనుక ఏ వాటాలోనైనా గదులు మార్చుకోవచ్చు. గాలి, వెలుతురుకు నడుమ రెండు పెద్ద చావళ్ళు వదిలారు. బళ్ళు, మోటార్లు పెట్టుకునేందుకు నేలమాళిగ కట్టారు. పైన అద్దెకున్నవారు బట్టలుతికి ఆరేసుకునే చోట 270 ఇటుక కమానులు నిలిపారు. గొలుసును రెండు కొసలా పట్టి వేలాడదీస్తే వచ్చే వంపును తిరగేసి చూడండి, ఆ కమాను ఆకారం అదే!

అలల్లా వంపులు తిరిగిన ముందు గోడను చూసి ఊరంతా నవ్వింది. రాళ్ళ క్వారీ అని పేరు పెట్టింది. ఒక స్తంభం కాలిబాట మీదికి వచ్చిందని మునిసిపాలిటీ 1907లో పని ఆపించింది. 1909లో మాత్రం, ఇది మామూలు ఇల్లు కాదు, నిబంధనలు వర్తించవని అధికారులే తేల్చారు.

యజమానితో తగవు అలా తీరలేదు. ఫీజు ఇవ్వనంటే గౌడి కోర్టుకెక్కి గెలిచారు. వచ్చిన 1,05,000 పెసెటాలు దానం చేసేశారు. తర్వాత మరే ఇల్లూ కట్టలేదు. చర్చి పనిలోనే గడిపి, చివరికి అక్కడే సమాధి అయ్యారు.

ఇంటావిడ రొసేర్‌కు గౌడి చేయించిన సామాను మొదటి నుంచీ నచ్చలేదు. ఆయన పోయాక చాలా మటుకు తీయించి, పాత ఫ్రెంచి రాజుల కాలపు తరహాలో గదులు అలంకరించుకున్నారు. ఆ మేడను 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.