రాంజీ గోండు: వెయ్యి ఉరుల మర్రి సాక్షిగా

నిర్మల్ అనగానే పొనికి కొయ్యతో చేసిన బొమ్మలు గుర్తుకొస్తాయి. ఒకప్పుడు ఆ పేరు చెబితే గుర్తొచ్చేవి కోటలు, ఫిరంగులు. నాగపూర్ నుంచి హైదరాబాద్ వెళ్ళే బాట ఈ ఊరి మీదుగానే సాగి, సోన్ వద్ద గోదావరి దాటేది. ఇక్కడి గుట్టల ఇనుపరాయి కోనసముద్రం కొలుముల్లో ఉక్కుగా మారితే, దాన్ని కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. బాట ఎవరి చేతిలో ఉంటే సరుకు, సుంకం వారివే. అందుకే ఈ ఊరి కోసం పోరాటాలు జరిగాయి. ఇక్కడి పాలకులు ధంసా వంశీయులు ఎదురుతిరగగా 1783 ప్రాంతంలో నిజాం అలీఖాన్ స్వయంగా దండెత్తి వచ్చాడు.

ఆ తర్వాత ఈ గడ్డపై జరిగిన పెద్ద పోరుకు నాయకుడు రాంజీ గోండు.

చాందా గోండు రాజుల పాలన 1751లో మరాఠాల చేతిలో అంతమైంది. అడవిలోని గోండు పెద్దల పెత్తనం క్రమంగా తగ్గింది. 1853లో నిజాం బాకీ కింద బేరారును ఇంగ్లీషువారికి అప్పగించాడు. మరుసటి ఏడు నాగపూర్ రాజ్యం కూడా వారి వశమైంది. దాంతో పెన్‌గంగ అవతల ఒడ్డున కంపెనీ దొరతనం వచ్చి కూర్చుంది. అడవి మీద, పోడు మీద ఆధారపడి బతికే వారికి పన్నుల బెడద, పరాయి అధికారుల వేధింపు ఎక్కువయ్యాయి.

1857లో ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు చెలరేగింది. ఆ ఏడు జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ హైదరాబాద్ రెసిడెన్సీపై దాడి చేశారు. ఓడి చెదిరిన రొహిల్లాలు కొందరు నిర్మల్ అడవులకు చేరారు. ఆసిఫాబాద్‌ను అప్పట్లో జనగామ అనేవారు. ఆ ప్రాంత గోండులకు పెద్దదిక్కైన రాంజీ వారికి ఆశ్రయమిచ్చాడు. గోండులు, రొహిల్లాలు, మరాఠాలు ఒక్కటయ్యారు. భాష వేరు, మతం వేరు. శత్రువు మాత్రం ఒక్కడే.

గుట్టల మాటున దాగి దెబ్బతీసి, మళ్ళీ అడవిలో కలిసిపోవడం వారి యుద్ధ పద్ధతి. కంపెనీ, నిజాం సేనలను వారు చాలాకాలం ముప్పుతిప్పలు పెట్టారు. చివరికి పెద్ద బలగం వచ్చి చుట్టుముట్టింది. రాంజీ అనుచరులతో సహా పట్టుబడ్డాడు.

1860 ఏప్రిల్ 9న నిర్మల్ శివారులో, ఎల్లపెల్లి దారిలోని మర్రిచెట్టుకు వారిని ఉరితీశారు. వెయ్యి మందిని తీశారని జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అనే పేరు అలా వచ్చింది.

1995లో గాలివానకు ఆ మర్రి కూలిపోయింది. రాంజీ మరణించిన 80 ఏళ్ళకు, 1940లో, జోడేఘాట్‌లో కొమురం భీం అదే అడవి హక్కు కోసం ప్రాణమిచ్చాడు. భీం పేరు ఇప్పుడు జిల్లాకే పెట్టారు. అంతకు ముందే దారి చూపిన రాంజీ కథను కూడా పిల్లలకు చెప్పవలసిన బాధ్యత ఊరి పెద్దలదే. చెట్టు పోయినా పేరు పోకుండా ఉండాలంటే, దాన్ని పలికే నోరు ఉండాలి.