జిజ్ఞాసువుల నేస్తం - అబ్బూరి రామకృష్ణారావు

గ్రంథాలయమనగానే బారులు తీరిన బీరువాలు, తలవంచి చదువుకొనే పాఠకులు, వారి నడుమ గంభీరమైన మౌనం మన కన్నుల ముందు మెదులుతాయి. కాని ఎన్ని వేల గ్రంథాలున్నా, కావలసినది ఏ పుటలో ఉన్నదో తెలియని విద్యార్థికి అది దారి లేని అడవి వంటిదే. ఆ అడవిలో చేయి పట్టి నడిపించే మనిషి ఒకరుండాలి. అడగడానికి జంకే వానిని చిరునవ్వుతో దగ్గరకు తీసి, సందేహం తీర్చి, అవసరమైతే ఒక హితవు కూడా చెప్పగల మనిషి కావాలి. తెలుగునాట విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అటువంటి మానవస్పర్శను కలిగించిన వారిలో అబ్బూరి రామకృష్ణారావుగారు ముఖ్యులు.

రామకృష్ణారావుగారు 1896వ సంవత్సరంలో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని అనంతవరంలో జన్మించారు. చిన్ననాటనే ఆయనకు కవిత్వంపై మక్కువ కలిగింది. ఇరవై రెండేళ్ల వయసు నాటికే ‘మల్లికాంబ’, ‘ఊహాగానం’ వంటి రచనలతో భావకవిత్వపు తొలి తరంలో తమ స్థానం ఏర్పరచుకొన్నారు. ‘నదీసుందరి’ వంటి రూపకాన్నీ రచించారు. అయినా ఆయన విరివిగా వ్రాసినవారు కారు. చదివినది కొండంత, వ్రాసినది గోరంత. ఆ పాండిత్యమంతా గ్రంథాల రూపంలో కంటె సంభాషణల రూపంలోనే ఎక్కువగా లోకానికి అందింది. ఆయనతో మాట్లాడినవారే ఆయనకు గ్రంథాలు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో విజయవాడలో ప్రారంభమై, 1930లో వాల్తేరుకు తరలివెళ్లింది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటి మేధావులు ఉపాధ్యక్షులుగా ఆ విద్యాసంస్థను తీర్చిదిద్దుతున్న కాలమది. ఆ దశలోనే రామకృష్ణారావుగారు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా దాని ఎదుగుదలలో పాలుపంచుకొన్నారు. ఒక కవికి గ్రంథాలయ బాధ్యతను అప్పగించడం చూపునకు వింతగా తోచవచ్చు. కాని పుస్తకాలను ప్రేమించినవాడే వాటిని ఇతరుల చేత ప్రేమింపజేయగలడు. ఆ నియామకంలోని ఔచిత్యం అదే.

ఆ రోజులలో విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన విద్యార్థుల స్థితిని ఒకసారి ఊహించుకోవాలి. గుంటూరు జిల్లా కూడా నాడు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోనే ఉండేది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల విద్యార్థులు ఆంధ్ర విశ్వవిద్యాలయ పట్టాలనే అందుకొన్నారు. పల్నాటి సీమలో నాపరాతి గోడల నడుమ, మెట్ట పొలాల నడుమ పెరిగిన బాలుడు, ఇంటిలో మొదటగా పై చదువులకు బయలుదేరినవాడు, సముద్రతీరాన ఉన్న ఆ విద్యాలయంలో నిలబడితే ఎంత బెరుకు! తనకు తెలియదన్న సంగతి పదిమందికీ తెలిసిపోతుందేమోనన్న భయం అతనిని వెన్నాడుతుంది. అడిగితే నవ్వుతారేమో, పల్లెటూరివాడని తేలిగ్గా చూస్తారేమో అనుకొని ప్రశ్నను మనసులోనే అణచుకొంటాడు. అణగిపోయిన ప్రశ్న మొలకెత్తని విత్తనం వంటిది. దాని వలన నష్టపోయేది ఆ ఒక్క విద్యార్థి మాత్రమే కాదు. అతని వెనుక ఉన్న ఊరంతా.

ఇట్టి సంకోచాన్ని పోగొట్టడానికి రామకృష్ణారావుగారి వద్ద ఉన్న సాధనం హాస్యం. ఆయన సంభాషణాచతురులు. ఎంత గహనమైన విషయాన్నైనా చమత్కారం జోడించి తేలికగా చెప్పేవారు. హాస్యం రెండు విధాలు. ఎదుటివానిని చిన్నబుచ్చేది ఒకటి, ఎదుటివాని బరువును దించేది మరొకటి. గ్రంథాలయంలో ఉండదగినది రెండవది. నవ్వినవాడు భయపడడు, భయపడనివాడు అడుగుతాడు, అడిగినవాడు నేర్చుకొంటాడు. ఈ సూత్రం తెలిసినవారు కనుకనే యువకులు ఆయన చుట్టూ చేరేవారు.

హాస్యానికి హితవు చెప్పే శక్తి ఉన్నదని ఆయనకు గల నమ్మకానికి మరొక నిదర్శనం నాటకరంగం. విశాఖపట్టణంలో ఆయన ‘నటాలి’ అనే నాటక సంస్థను నెలకొల్పారు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ప్రదర్శనకు అనువుగా కుదించి రంగస్థలానికి ఎక్కించారు. ప్రేక్షకులను కడుపుబ్బ నవ్విస్తూనే సంఘంలోని దురాచారాన్ని కళ్లకు కట్టిన నాటకమది. బీరువాలో ఉన్న పుస్తకాన్ని పాఠకుని చేతికి అందించడం గ్రంథాలయాధికారి పని. ఆ పుస్తకాన్ని చదువురానివారి ముందుకు సైతం తీసుకొనిరావడం నాటకకర్త పని. రామకృష్ణారావుగారి దృష్టిలో ఈ రెండూ ఒకే సేవకు రెండు ముఖాలు.

ఆయన మార్గదర్శకత్వం వలన మేలు పొందినవారిలో మహాకవి శ్రీశ్రీ ఒకరు. విశాఖ యువకుడైన శ్రీశ్రీకి ఆధునిక ప్రపంచ సాహిత్యాన్ని పరిచయం చేసి, కొత్త దారులలో ఆలోచింపజేసిన పెద్దలలో రామకృష్ణారావుగారు ఉన్నారు. సరైన సమయంలో సరైన పుస్తకం చేతికందితే ఒక జీవితమే కాదు, ఒక భాష కవిత్వపు గమనమే మారిపోవచ్చు. రాజకీయ భావాలలో రామకృష్ణారావుగారు మానవేంద్రనాథ రాయ్ ఆలోచనలకు ఆకర్షితులయ్యారు. ఏ విషయాన్నైనా ప్రశ్నించి గాని అంగీకరించరాదన్న హేతుదృష్టి ఆయన స్వభావంలోనే ఉన్నది.

తమ వలె పాఠకులకు దారి చూపేవారు మరికొందరు తయారుకావాలని రామకృష్ణారావుగారు భావించారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయశాస్త్ర శిక్షణ ఆయన ఆధ్వర్యంలో మొదలయింది. భారతదేశంలో ఈ శాస్త్రాన్ని బోధించిన తొలి విశ్వవిద్యాలయాలలో అది ఒకటి. పొరుగున మద్రాసు విశ్వవిద్యాలయంలో గణితాచార్యులైన ఎస్.ఆర్. రంగనాథన్ 1924 నుండి గ్రంథాలయాధికారిగా ఉండి, 1931లో గ్రంథాలయశాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రతిపాదించారు. ప్రతి పాఠకునికీ అతని పుస్తకం అందాలన్నది వాటిలో ఒకటి. గణితశాస్త్రజ్ఞుడు సూత్రబద్ధం చేసిన ధర్మాన్ని కవి తన మాటతీరుతో ఆచరించి చూపాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్టణంపై బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. అంతవరకు పల్నాటి విద్యార్థికి సుదూరంగా ఉన్న విద్యాపీఠం కొంతకాలం ఇంటి ముంగిటికి వచ్చినట్లయింది. యుద్ధానంతరం అది తిరిగి వాల్తేరు చేరింది. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ, నారాయణ కళాశాల వెలసి, పల్నాడులోనే పై చదువులకు అవకాశం కలిగింది.

రామకృష్ణారావుగారు 1979లో తనువు చాలించారు. ఆయన కుమారుడు అబ్బూరి వరద రాజేశ్వరరావు కవిగా ప్రసిద్ధులు. కోడలు అబ్బూరి ఛాయాదేవి కథారచయిత్రి. ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేశారు. ఆమె ‘తన మార్గం’ కథా సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. గ్రంథాలయ సేవ ఆ కుటుంబంలో రెండవ తరానికి కూడా కొనసాగింది.

కాలం మారినా విద్యార్థి సంకోచం మారలేదు. అమెరికాలోని బోస్టన్ కళాశాల గ్రంథాలయంలో ఒక గోడను ప్రశ్నల కోసం కేటాయించారు. విద్యార్థులు పేరు వ్రాయకుండా తమ సందేహాలను, దిగుళ్లను అక్కడ అంటిస్తారు. గోడే మాట్లాడుతున్నట్లుగా గ్రంథాలయ సిబ్బంది హాస్యంతో, ఆదరంతో సమాధానాలు వ్రాస్తారు. చదువదగిన పుస్తకాలనూ సూచిస్తారు. పేరు దాచుకోవలసి రావడం మనిషి బలహీనత కావచ్చు. పేరు అడగకుండానే బదులు చెప్పడం మాత్రం గ్రంథాలయం సంస్కారం.

నేడు సమాచారం అరచేతిలోని యంత్రంలోనే లభిస్తున్నది. అయితే సమాచారం వేరు, సలహా వేరు. అడిగిన ప్రశ్న వెనుక దాగిన అసలు ప్రశ్నను గుర్తించడానికి సహృదయం కావాలి. తెలియదని చెప్పుకోవడం అవమానం కాదని, అడగకుండా మిగిలిపోవడమే లోటని రామకృష్ణారావుగారి జీవితం మనకు తెలియజేస్తున్నది. మన ఊరి గ్రంథాలయ ద్వారం చిన్నదే కావచ్చు. ప్రశ్నతో ప్రవేశించేవానికి అదే విశాలమైన లోకానికి తొలి వాకిలి.