రుద్రదేవుడు గెలిచిన ఊళ్లు

పెద్దపల్లిలో పొద్దున బయలుదేరితే మంథని, కరీంనగర్ పక్కనున్న నగునూరు, జగిత్యాల దగ్గరి పొలాస చూసుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఇంత దగ్గరి ఊళ్లు ఒకప్పుడు ఒకదానిపై ఒకటి కత్తి దూశాయంటే మన పిల్లలు నమ్మరు. కానీ అది నిజం.

బైబిలులో మనం చదివే ఏథెన్సు, కొరింథు పట్టణాల పూర్వచరిత్రా ఇలాంటిదే. వాటి భాష ఒకటే, కొలిచిన దేవతలూ ఒకరే. అయినా క్రీ.పూ. 431 నుండి 404 వరకు, నడుమ కొన్నేళ్ల సంధి తప్ప, ఏథెన్సు ఒకవైపు, స్పార్టా, కొరింథు మరోవైపు నిలిచి పోరాడాయి. తర్వాత కూడా ఆ పట్టణాల మధ్య పోరు ఆగలేదు. చివరికి క్రీ.పూ. 338లో మాసిదోనియ రాజు ఫిలిప్పు ఏథెన్సును, కొరింథును లోబరచుకున్నాడు.

మన ప్రాంతాన్ని అప్పట్లో సబ్బినాడు అనేవారు. పొలాసలో మేడరాజు, నగునూరులో దొమ్మరాజు, మంత్రకూటమనే మంథనిలో గుండరాజు, హనుమకొండలో కాకతీయులు ఉండేవారు. అందరిపైనా కల్యాణి చాళుక్యులు ఉన్నంతకాలం ఈ పోటీకి ఒక హద్దు ఉండేది. పైచేయి బలహీనపడగానే పొరుగువాడే పగవాడయ్యాడు. కాకతీయ రెండవ ప్రోలరాజు చేతిలో గుండరాజు ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఆ ప్రోలరాజు కుమారుడే రుద్రదేవుడు. 1158 ప్రాంతంలో ఆయన గద్దెనెక్కాడు. దొమ్మరాజును, మేడరాజును ఓడించాడు. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో శాసనం వేయించి, ఇక తాను ఎవరికీ సామంతుడు కానని లోకానికి తెలిపాడు. శత్రువు పట్టణాన్ని తగలబెట్టడం కూడా ఆ శాసనంలో పొగడ్తగానే ఉంది. కాలిన ఇళ్లవారి పేర్లు మాత్రం అందులో లేవు.

రుద్రదేవుణ్ణి కేవలం యుద్ధవీరుడిగా చూస్తే అన్యాయమే. ఆయన సంస్కృతంలో నీతిసారమనే రాజనీతి గ్రంథం రాశాడని చెబుతారు. ఓరుగల్లు కోటకు పునాది వేశాడు. సబ్బినాడు పాలనను గంగాధరుడనే మంత్రికి అప్పగించాడు. నిన్నటిదాకా కొట్టుకున్న ఊళ్లు ఒకే పాలన కిందికి వచ్చాయి.

అయితే పోటీ చావలేదు, పెద్దదయింది. పొలాస, నగునూరు స్థానంలో ఇప్పుడు దేవగిరి యాదవులు ఎదురు నిలిచారు. 1195 ప్రాంతంలో యాదవ రాజు జైతుగితో జరిగిన యుద్ధంలో రుద్రదేవుడు మరణించాడు. పగ తీర్చుకోబోయిన తమ్ముడు మహాదేవుడు కూడా మూడు నాలుగేళ్లకే ప్రాణం విడిచాడు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు దేవగిరిలో బందీ అయ్యాడు. రాజు లేని ఓరుగల్లును సేనాని రేచర్ల రుద్రుడు కాపాడుకొచ్చాడు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. జైతుగి ఆ బందీని చంపలేదు. 1199లో విడిచిపెట్టి, తిరిగి ఓరుగల్లు పంపాడు. కారణం రాజనీతే కావచ్చు. కానీ ఫలితం చూడండి. గణపతిదేవుడు 1262 వరకు ఏలాడు. పెదతండ్రి మొదలుపెట్టిన ఓరుగల్లును పెద్ద రాజధానిగా తీర్చాడు. 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, సముద్రంపై వచ్చే పరదేశి వర్తకులకు అభయమిచ్చాడు. ఒకనాడు పరాయి చేతిలో చిక్కినవాడే పరాయివారికి భద్రత కల్పించాడు.

రుద్రదేవుని విజయాలు పొరుగువారిని లోబరిచాయి గానీ, పగను చంపలేకపోయాయి. తెగిన వరుసను మళ్లీ నిలబెట్టింది ఒక విడుదల. నేడు మన ఊళ్ల మధ్య, వాడల మధ్య, సంఘాల మధ్య కూడా చిన్న చిన్న పోటీలున్నాయి. ఎవరిది పెద్ద మందిరం, ఎవరి సభకు ఎక్కువమంది వచ్చారు అని లెక్కలు వేసుకుంటాం. మన చేతికి చిక్కిన పొరుగువాణ్ణి ఏం చేస్తున్నాం? ఆ లెక్క ఈ వారం మనలో మనమే చూసుకుందాం.