గురజాడను తీర్చిదిద్దిన పెద్దలు

మహాకవి గురజాడ అప్పారావుగారి పేరు వినని తెలుగువారు అరుదు. కాని, విద్యార్థి దశలో ఆయనకు చేయూతనిచ్చిన పెద్దలను గూర్చి మన పిల్లలకు చెప్పేది తక్కువ.

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21న యలమంచిలి దగ్గరి రాయవరంలో, మేనమామగారింట జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వెంకట రామదాసు. చీపురుపల్లిలో అక్షరాలు దిద్దారు. తండ్రి మరణించిన పిమ్మట విజయనగరంలో చదువు కొనసాగించారు. పేద పిల్లలు వారాలు చేసుకొని చదువుకొనే రోజులవి. మహారాజావారి కళాశాల ప్రిన్సిపాలు సి. చంద్రశేఖర శాస్త్రిగారు ఈ కుర్రవాణ్ణి చేరదీసి, ఉచితంగా భోజనం, వసతి కల్పించారు. ఆ నీడలో చదివి అప్పారావుగారు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఎ. పూర్తి చేశారు.

విద్యార్థిగా ఉండగానే, 1883లో, ఆయన ఇంగ్లీషులో 'సారంగధర' కావ్యం వ్రాశారు. దానిని చదివి మెచ్చుకొన్నవారిలో కలకత్తా పత్రికా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు ఒకరు. అయితే ఆయన మెచ్చుకొని ఊరుకోలేదు. ఎంత ప్రతిభ ఉన్నా పరాయి భాషలో రాణించడం కష్టమనీ, మాతృభాషలో వ్రాయమనీ హితవు చెప్పారు. తెలుగు ఎరుగని వంగదేశీయుడు ఒక తెలుగు యువకుణ్ణి తెలుగు వైపు మళ్ళించారు!

ఆ హితవు వృథా కాలేదు. పసిబాలికలను డబ్బుకు ముసలివారికి కట్టబెట్టే దురాచారంపై వాడుక తెలుగులో అప్పారావుగారు వ్రాసిన 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయింది.

ఆయన కూడా బడిపంతులే. 1884లో నెలకు ఇరవై అయిదు రూపాయల జీతంతో మహారాజావారి ఉన్నత పాఠశాలలో చేరారు. తాను పొందిన ఆదరణను రాబోయే పిల్లలకు మరొక రూపంలో అందించారు. బాల్యమిత్రుడు గిడుగు రామమూర్తిగారితో కలిసి, పాఠ్యపుస్తకాలు పిల్లలకు అర్థమయ్యే వ్యావహారిక భాషలో ఉండాలని వాదించారు. మద్రాసు విశ్వవిద్యాలయానికి 1914లో తమ అసమ్మతి పత్రం సమర్పించారు. నాడు ఆ వాదం నెగ్గలేదు. 1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. నేడు మన పాఠ్యపుస్తకాలు ఆ వాడుక భాషలోనే ఉన్నాయి.

కువైట్‌లో పెరిగే మన పిల్లలకు బడిలో ఇంగ్లీషుంది, వీధిలో అరబ్బీ ఉంది. తెలుగుకు మాత్రం దారి చూపే పెద్దలు కావాలి. నేనూ సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొన్నాను. విసుగు లేకుండా నా తప్పులు దిద్దిన పెద్దలకు ఋణపడి ఉన్నాను. శాస్త్రిగారిలా అన్నం పెట్టనక్కరలేదు. వారానికి ఒక గంట ఒక్క పిల్లవాడి పక్కన కూర్చుంటే చాలు. ఆ పిల్లవాడు ఏమవుతాడో ఎవరికెరుక?