అహోబిలంలో చదువుకున్న అన్నమయ్య

అన్నమాచార్యులు 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టారు. ఎప్పుడూ పాడుతూ తిరుగుతున్నాడని ఇంట్లోవాళ్లు విసుక్కుని గడ్డికి పంపారట. కొడవలి చిటికెనవేలికి తగిలి నెత్తురు కారింది. అంతే, దారిన పోయే యాత్రికుల వెంట తిరుపతి వెళ్లిపోయారు. తర్వాత అహోబిలంలో ఆదివన్ శఠగోప యతి వద్ద వేదాంతం చదివారు. మనలాగే ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థి అన్నమాట!

పదహారో ఏట, 1424లో, పాటలు కట్టడం మొదలుపెట్టారని రాగిరేకులు చెబుతున్నాయి. శాస్త్రం గురువు దగ్గర నేర్చినా, పాటల వరుసలు మాత్రం పల్లె జనం నుండే తీసుకున్నారు. జాజర, సువ్వి, కోలాటం, ఉయ్యాల... అడుగు వేస్తూ, దంచుతూ, ఊపుతూ పాడుకునేవి. పండితులు పదాలను చిన్నచూపు చూసిన రోజులవి. అహోబిల నరసింహుని మీద కూడా ఎన్నో పాటలు కట్టారు. సాళువ నరసింహరాయలు తన మీద పదం చెప్పమంటే మాత్రం ఒప్పుకోలేదు. అందుకు రాజు సంకెళ్లు వేయించాడని మనవడు చిన్నన్న రాశారు.

1503లో కన్నుమూశారు. 32 వేల పాటల్లో సగం కూడా మనకు దక్కలేదు. రేకుల మీద రాగం పేరుంది గాని స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటివారు కొన్నిటికి కొత్తగా వరుసలు కట్టారు. కోలాటం పాటల్లో తాళం మాటల్లోనే ఉంది కాబట్టి, కర్రలు పట్టినవాళ్లకు అడుగు ఇప్పటికీ తప్పదు.