కొమర్రాజు లక్ష్మణరావు పంతులు

తెలుగువారి పూర్వ రాజులను గూర్చిన కథలు జనుల నోట అనేకములు వినవచ్చుచుండెను. కాని వానిలో నిజమెంత, కల్పన యెంత అని విడదీసి తెలుపు గ్రంథములు మాత్రము నూరేండ్లకు పూర్వము మిక్కిలి అరుదుగా నుండెను. ఆ కొరతను తీర్చుటకై జీవితమును ధారపోసిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరమున కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించెను. భువనగిరిలో తొలి చదువు ముగించి, పిదప అక్కగారైన బండారు అచ్చమాంబగారి యింట నాగపురమున నుండి ఉన్నత విద్య నభ్యసించిరి. ఆ కాలమున మహారాష్ట్ర పండితులు పాత జాబులను, దస్తావేజులను వెదకి తెచ్చి ముద్రించుచుండిరి. 1898లో విశ్వనాథ కాశీనాథ రాజవాడే అట్టి సంపుటములలో మొదటిదానిని వెలువరించెను. లక్ష్మణరావుగారు మరాఠీ భాషలో పండితులై, ఆ భాషలో వ్యాసములు వ్రాసిరి. తెలుగున శివాజీ చరిత్రమును రచించిరి.

చదువు ముగిసిన పిమ్మట ఆయన మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి. గ్రంథములు దొరకనిచోట పరిశోధన సాగదు. కావున మిత్రులతో కలిసి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించుటకు తోడ్పడిరి. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ మండలి ద్వారానే 1910లో వెలుగుచూచెను.

చరిత్రకు శాసనములు ముఖ్యాధారములు. శాసనమును చదువుటకు ఓర్పు కావలెను. మొదట రాతిని శుభ్రముగా కడిగి, తడి కాగితమును దానిపై పరచి, కుంచెతో మెల్లగా కొట్టి, సిరాను అద్దవలెను. అప్పుడు అక్షరములు కాగితముపై తెల్లగా తేలును. పిమ్మట ఆ లిపి యే కాలము నాటిదో గుర్తింపవలెను. అందు శకవర్షమున్నచో దానికి 78 కలిపిన క్రీస్తు శకవర్షము సామాన్యముగా తెలియును. దానమిచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, నాటి రాజెవరు అను విషయములను ఇతర శాసనములతోను, కావ్యములతోను సరిపోల్చి చూడవలెను. ఒక్క ఆధారమును నమ్మి తీర్పు చెప్పరాదు.

లక్ష్మణరావుగారు మదరాసున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమను బృహత్కార్యమునకు పూనుకొనిరి. ఆ పనిలో తోడ్పడిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు తరువాత గొప్ప చరిత్రకారులైరి. మూడు సంపుటములు వెలువడిన పిదప, 1923లో నలువదియారవ యేట పంతులుగారు కన్నుమూసిరి. సర్వస్వము అసంపూర్ణముగా మిగిలెను.

అయినను ఆయన చూపిన మార్గము మూతపడలేదు. ఆయన పేర హైదరాబాదున వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూర శాసనములను సేకరించి, 1935లో తెలంగాణా శాసనములు అను గ్రంథమును ప్రకటించెను. తరువాతి పరిశోధకులు కరీంనగరు ప్రాంతమున కురిక్యాల చెంతనున్న బొమ్మలగుట్టపై పదియవ శతాబ్దపు శాసనమును చదివిరి. వేములవాడ అరికేసరి ఆస్థానకవియై కన్నడమున కావ్యములు రచించిన పంపని తమ్ముడు జినవల్లభుడు దానిని వేయించెను. అందు సంస్కృత కన్నడములతోపాటు మూడు తెలుగు కందపద్యములు కలవు. నన్నయకు నూరేండ్లు ముందే కందము తెలుగు నేలపై వెలసెనని ఆ గుట్టయే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇట్టి రాళ్లు నేటికిని కొన్ని యూళ్లలో గోడలలోను, పొలముగట్లపైనను పడియున్నవి. ఒక శాసనము పగిలిన, దానితో ఒక చరిత్ర నశించును. విద్యార్థులు తమ గ్రామమున అక్షరములున్న రాతిని చూచినచో దానిని కాపాడి, పెద్దలకు తెలుపవలెను. లక్ష్మణరావు పంతులుగారికి అదియే నిజమైన నివాళి.