రోగి మంచం పక్కన హజ్రత్ ఉస్మాన్ (రజి)

బందరులోగానీ, గుడివాడలోగానీ, దివిసీమ పల్లెల్లోగానీ ఇంట్లో ఒకరు పక్షవాతంతో మంచాన పడితే, వారిని చూసుకునేది సాధారణంగా భార్య, కూతురు లేదా కోడలు. మగవారు మందులు తెచ్చిపెట్టి తమ పనులకు వెళ్లిపోతారు. రోగికి సేవ చేయడం ఆడవారి పని అని మనలో చాలామంది అనుకుంటారు. మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) జీవితం ఈ అభిప్రాయాన్ని సరిదిద్దుతుంది.

ఆయన మక్కాలో ఖురైష్ తెగలోని ఉమయ్యా వంశానికి చెందినవారు. బట్టల వర్తకంలో బాగా సంపాదించారు. తొలి రోజుల్లోనే ఇస్లాం స్వీకరించారు. దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి)ను వివాహమాడారు. మక్కావాసుల వేధింపులు భరించలేక దంపతులిద్దరూ 615లో అబిసీనియాకు, తరువాత మదీనాకు వలస వెళ్లారు.

హిజ్రీ 2వ సంవత్సరం (624) రమజాన్ నెలలో ముస్లింలు బద్ర్ వైపు బయలుదేరే వేళకు రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడ్డారు. బయలుదేరినవారు మూడు వందల పైచిలుకు మాత్రమే. ఒక్క మనిషి తగ్గినా లోటే. అయినా దైవప్రవక్త (స) ఉస్మాన్ (రజి)ను మదీనాలోనే ఉండి భార్యను చూసుకోవలసిందిగా ఆదేశించారు. ఆయన ఆగిపోయారు. కానీ ఆమె కోలుకోలేదు. జైద్ బిన్ హారిసా (రజి) విజయవార్తతో మదీనా చేరిన సమయానికే రుఖయ్యా (రజి) ఖననం జరిగింది.

బద్ర్‌లో పోరాడినవారికి పంచిన సొమ్ములో ఉస్మాన్ (రజి)కూ వాటా దక్కింది. పుణ్యంలోనూ ఆయన వారితో సమానమేనని దైవప్రవక్త (స) ప్రకటించారు. ఆయన బద్ర్‌కు వెళ్లలేదని తరువాతి కాలంలో కొందరు ఎత్తిచూపినప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఈ సంగతే గుర్తుచేశారు.

ఆ తరువాత రుఖయ్యా (రజి) చెల్లెలు ఉమ్మె కుల్సూమ్ (రజి)ను ఆయన వివాహమాడారు. 644లో ఖలీఫా అయ్యారు. ఖుర్ఆన్ ప్రతులు రాయించి వివిధ ప్రాంతాలకు పంపారు. 656లో తన ఇంట్లోనే అమరులయ్యారు.

మన దేశంలో 2024లో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం, పిల్లలను, పెద్దలను చూసుకునే స్త్రీలు అందుకు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 74 నిమిషాలే వెచ్చిస్తున్నారు. ఈ శ్రమకు జీతం లేదు, లెక్క లేదు. ఉస్మాన్ (రజి) సేవను మాత్రం లెక్కించారు, వాటా ఇచ్చారు. మంచాన ఉన్న తల్లికి పుండ్లు పడకుండా రాత్రివేళ లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టే వంతు కొడుకు కూడా తీసుకోవాలి. ఇన్నాళ్లూ ఒంటరిగా ఆ పని చేసిన ఇల్లాలి శ్రమను ఇంటిల్లిపాదీ గుర్తించాలి.